ఆ కాస్త ఆలస్యం

వార్తల కెమెరా సంఘటనాస్థలానికి ఎంత త్వరగా చేరితే ఆ ఛానెల్ అంత గొప్పదని మనలో చాలామంది నమ్మకం. ఆ నమ్మకంతోనే నాకు పేచీ.

ఒకప్పుడు చిత్రీకరించిన టేపు మోటారుసైకిలు మీదో, బస్సులోనో స్టూడియోకు చేరేది. ఎవరో ఒకరు దాన్ని చూసి, అనవసరమైనది కత్తిరించాకే ప్రసారమయ్యేది. తరువాత నెత్తిన డిష్షు మోసుకుంటూ ఓబీ వ్యాన్లు వచ్చాయి. దృశ్యం సుమారు 36,000 కిలోమీటర్ల ఎత్తునున్న ఉపగ్రహం దాకా వెళ్ళి, క్షణంలో స్టూడియోలో దిగసాగింది. ఇప్పుడు చాలాచోట్ల వ్యాను కూడా అక్కరలేదు. వీపున తగిలించుకునే సంచీలోని పరికరం దృశ్యాన్ని ముక్కలు చేసి అనేక సిమ్ కార్డుల ద్వారా పంపుతుంది. అవతల అవి మళ్ళీ ఒకటవుతాయి. విలేకరి, కెమెరామన్ ఉంటే చాలు.

ఈ ప్రయాణంలో మనం పోగొట్టుకున్నది ఆలస్యాన్ని. వివేకం కాపురమున్నది ఆ ఆలస్యంలోనే.

2008 నవంబరులో ముంబయి దాడుల వేళ, నారిమన్ హౌస్ మిద్దె మీదికి హెలికాప్టరు నుంచి కమాండోలు దిగడాన్ని దేశమంతా ప్రత్యక్షంగా చూసింది. దూరాన కూర్చుని హంతకులను ఫోనులో నడిపినవారు కూడా టీవీ చూస్తూనే ఉన్నారని వారి సంభాషణలే బయటపెట్టాయి. 2012లో కసబ్ కేసు తీర్పులో సుప్రీంకోర్టు ఈ ప్రసారాలను తీవ్రంగా తప్పుపట్టింది. ఉగ్రవాద నిరోధక చర్యలు సాగుతున్నంతసేపు ప్రత్యక్ష ప్రసారం కూడదని, నియమిత అధికారి చెప్పే వివరాలతో సరిపెట్టుకోవాలని 2015లో కేబుల్ టీవీ నిబంధనలను సవరించారు.

బాగుంది. సైనికుడికి ఒక రక్షణ దొరికింది. మరి బస్సు ప్రమాదంలో బిడ్డను పోగొట్టుకుని ఆసుపత్రి మెట్ల మీద కూలబడిన తల్లికో? ఆమె ముఖానికి మైకు అడ్డుపెట్టి "ఎలా అనిపిస్తోందమ్మా?" అని అడిగేవారిని ఆ సవరణ ఆపదు.

అలాగని కెమెరా పట్టుకున్నవాడిని మాత్రమే తిట్టడం అన్యాయం. అతనికి కనిపించేది వ్యూఫైండరులో ఇమిడినంత లోకమే. పక్కనున్న విలేకరి చెవిలో స్టూడియో గొంతు తొందరపెడుతూనే ఉంటుంది. పోటీ ఛానెల్‌లో అదే దృశ్యం అప్పటికే వచ్చేసి ఉంటుంది. "ఇది వద్దు" అనగలిగే అధికారం వాళ్ళిద్దరికీ లేదు. ఆ అధికారమున్నవారు ఆ మెట్ల దగ్గర లేరు.

నేను కోరేది చిన్న సంగతి. వరద ఎంత దూరం వచ్చిందో, ఏ దారి మూసుకుపోయిందో ప్రత్యక్షంగానే చూపండి. అది ప్రాణాలు కాపాడుతుంది. దుఃఖాన్ని మాత్రం అలా చూపకండి. స్టూడియోలో ఒక మనిషి చూసి, ఆలోచించి, అవసరమనుకుంటేనే వెయ్యండి. అక్కడున్న కెమెరామన్ వద్దంటే ఆ మాటకు విలువివ్వండి. పది నిమిషాలు ఆలస్యమైనందువల్ల ఆ తల్లి కన్నీరు పాతబడిపోదు.