స్ప్రే పెయింటింగ్ షెడ్లలో నిప్పు ఎలా పుడుతోంది? కొక్కెం దగ్గరే అసలు కథ!

2025 జూన్ 30.. సంగారెడ్డి జిల్లా పాశమైలారం. సిగాచీ పరిశ్రమలో జరిగిన పేలుడు 40 మందికి పైగా కార్మికులను బలి తీసుకుంది. అది పెయింట్ యూనిట్ కాదు. కానీ ఆ తర్వాత ఫ్యాక్టరీల భద్రతపై పెద్ద చర్చే నడిచింది. ఆ చర్చలో ఎవరికీ పెద్దగా గుర్తురానివి కొన్ని ఉన్నాయి. బీరువాలు, గేట్లు, అల్యూమినియం కిటికీలకు రంగు వేసే చిన్న చిన్న షెడ్లు. వీటిలో చాలా చోట్ల ఇప్పుడు వాడుతున్నది ఎలక్ట్రోస్టాటిక్ గన్.

ఈ గన్ పని తీరు సింపుల్. చివర్లో 30 వేల నుంచి లక్ష వోల్టుల దాకా ఉంటుంది. బయటికొచ్చే రంగు తుంపరకో, పౌడర్‌కో చార్జ్ ఎక్కుతుంది. ఎర్త్ చేసిన ఇనుప వస్తువు దాన్ని తనవైపు లాక్కుంటుంది. వెనకవైపు కూడా రంగు చుట్టుకుని అంటుకుంటుంది. వృథా తక్కువ.. ఖర్చూ తక్కువ.

మరి ప్రమాదం ఎక్కడ?

చాలామంది గన్‌నే అనుమానిస్తారు. నిజానికి మంచి గన్‌లో కరెంటును బాగా తగ్గించే ఏర్పాటు ఉంటుంది. తంటా అంతా చుట్టుపక్కల ఎర్తింగ్ లేని వస్తువులతోనే. వస్తువును వేలాడదీసే కొక్కెమే తీసుకోండి. రోజూ దాని మీదా రంగు పడుతుంది. పొర మీద పొర పేరుకుంటుంది. ఆ పొర కరెంటును పోనివ్వదు. దాంతో వస్తువుకు ఎర్త్ తెగిపోతుంది, చార్జ్ అందులోనే పోగవుతుంది. ఎర్త్ ఉన్న లోహం ఏదైనా దగ్గరికి రాగానే చిటుక్కున స్పార్క్! థిన్నర్ ఆవిరి అంటుకోవడానికి మిల్లీజౌల్‌లో నాలుగో వంతు చాలు. అంత చిన్న స్పార్క్ చేతికి తగిలినా తెలియదు. పౌడర్ అంటుకోవడానికి ఇంతకంటే ఎక్కువ శక్తి కావాలి. అయితే గాల్లో మబ్బులా లేచిన పౌడర్ అంటుకుంటే మంట క్షణాల్లో వ్యాపిస్తుంది.

మనిషి కూడా అంతే. రబ్బరు చెప్పులు, మందపాటి గ్లోవ్స్ వేసుకుని గన్ పట్టుకుంటే ఒంట్లోనే చార్జ్ నిలుస్తుంది. అందుకే గన్ హ్యాండిల్‌కు అరచెయ్యి నేరుగా తగలాలి. గ్లోవ్స్ తప్పనిసరైతే అరచేతి భాగం కత్తిరించాలి, లేదా కరెంటును పోనిచ్చే రకం వాడాలి. బూట్లు కూడా చార్జ్‌ను నేలలోకి పంపేవే ఉండాలి.

ఈ జాగ్రత్తలు మరవొద్దు

* కొక్కేలను తరచూ గీకి శుభ్రం చేయాలి. వస్తువుకు, ఎర్త్‌కు మధ్య రెసిస్టెన్స్ ఒక మెగా ఓమ్ దాటకూడదు. మెగ్గర్‌తో చెక్ చేస్తే తెలిసిపోతుంది.
* గన్ కడిగే ముందు హై వోల్టేజ్ ఆపాలి. థిన్నర్‌ను ప్లాస్టిక్ బకెట్‌లో కాకుండా, ఎర్త్ క్లిప్ పెట్టిన ఇనుప డబ్బాలోనే పోయాలి.
* ఎగ్జాస్ట్ ఫ్యాన్ ఆగితే గన్ కూడా దానంతట అదే ఆగేలా వైరింగ్ ఉండాలి.
* బూత్ దగ్గర ఖాళీ డబ్బాలు, స్టూళ్లు, పనిముట్లు ఉంచొద్దు. తీయలేని లోహపు వస్తువులకు ఎర్త్ ఇవ్వాలి.

ఇందులో లక్షలు పోసి కొనాల్సిందేమీ లేదు. మరి ఎందుకు జరగడం లేదంటే.. అడిగేవాళ్లు లేరు. 1948 ఫ్యాక్టరీల చట్టంలో కరెంటు వాడే యూనిట్‌లో 10 మంది పనిచేస్తే అది ఫ్యాక్టరీ. 2025 నవంబర్ 21న అమల్లోకి వచ్చిన కొత్త లేబర్ కోడ్‌లో ఆ లెక్క 20కి పెరిగింది. నలుగురైదుగురితో నడిచే పెయింట్ షెడ్ పాత లెక్కలోనూ లేదు, కొత్త లెక్కలోనూ లేదు. ప్రమాదకరమైన పనులను కేంద్రం నోటిఫై చేస్తే, ఎంతమంది ఉన్నా కోడ్ వర్తిస్తుందన్న నిబంధన మాత్రం ఉంది. స్ప్రే పెయింటింగ్ విషయంలో దాన్ని గట్టిగా వాడాలి.

అప్పటిదాకా బాధ్యత యజమానిదే. పొద్దున్నే షట్టర్ ఎత్తాక పది నిమిషాలు ఎర్తింగ్ చెక్ చేయడానికి కేటాయిస్తే చాలు. గన్ పట్టుకునే కుర్రాడు సాయంత్రం క్షేమంగా ఇంటికెళ్తాడా లేదా అన్నది ఆ పది నిమిషాల మీదే ఆధారపడి ఉంది.