అతుకు వేసిందెవరు?

భిలాయి సెక్టార్లలో తెలుగు ఇల్లు వెతకడం కష్టమేమీ కాదు. శ్రీకాకుళం, విజయనగరం వైపు నుంచి వచ్చి ఉక్కు కర్మాగారంలో చేరినవారి మూడో తరం ఇప్పుడు అక్కడ ఉంది. అలాంటి ఒక ఇంట్లో ఓ యువ ఇంజనీరు మూడు రోజులుగా ల్యాప్‌టాప్ ముందు నుంచి లేవలేదు. రాసిన ప్రోగ్రాంలో తప్పు లేదు. తన దగ్గర చక్కగా నడుస్తోంది. బెంగళూరులోని కంపెనీ సర్వర్‌లో మాత్రం మొరాయిస్తోంది. తెర మీద ఒకటే ఫిర్యాదు: ఫలానా లైబ్రరీ కనపడడం లేదు. ఆ లైబ్రరీ సర్వర్‌లోనే ఉంది. "ఉన్నదాన్ని లేదంటోంది సార్, ఏం చెయ్యమంటారు?" అన్నాడు నాతో. ప్లాంటులోని రైల్ మిల్లులో పనిచేసి రిటైరైన తండ్రి పేపర్ మీంచి తలెత్తకుండానే, "పట్టా బాగానే ఉంటుందిరా, అతుకు దగ్గర చూడు" అన్నాడు.

పెద్దాయన కంప్యూటర్ ముట్టుకోడు. కానీ చెప్పింది నూటికి నూరుపాళ్లు నిజం.

ఈ రోజుల్లో ఏ ప్రోగ్రామరూ ప్రోగ్రాం మొత్తాన్ని సొంతంగా రాయడు. ఫైలును కుదించడం, తాళం వెయ్యడం, నెట్‌వర్క్‌తో మాట్లాడడం లాంటి పనులకు ఎవరో ఎప్పుడో రాసిపెట్టిన కోడ్ మూటలుంటాయి. వాటినే లైబ్రరీలంటారు. రాసిన కోడ్‌ను ముందు కంపైలర్ యంత్రభాషలోకి మారుస్తుంది. తర్వాత లింకర్ ఆ ముక్కలను లైబ్రరీలకు అతుకుతుంది. లైబ్రరీని ప్రోగ్రాంలోనే శాశ్వతంగా కలిపేయడం ఒక పద్ధతి. పేరు మాత్రం రాసిపెట్టి, నడిచే సమయంలో వెతుక్కోమనడం రెండోది. గొడవల్లో ఎక్కువ భాగం ఈ రెండోదానితోనే. లోడర్ అనే గుమాస్తాకు వెతకమన్న నాలుగు అల్మరాలు తప్ప ఐదోది తెలియదు. లైబ్రరీ పక్క గదిలో ఉన్నా "లేదు" అనే అంటాడు.

మన కుర్రాడి విషయంలో జరిగిందదే. ఆ ఐదో అల్మరా దారిని కొన్ని నెలల క్రితం తన ల్యాప్‌టాప్ సెట్టింగుల్లో తనే రాసుకుని మరచిపోయాడు. సర్వర్‌కు ఆ సంగతి ఎవరూ చెప్పలేదు. లినక్స్‌లో ఎల్‌డీడీ అనే చిన్న కమాండ్ ఇస్తే ప్రోగ్రాంకు ఏయే లైబ్రరీలు కావాలో, ఏది ఎక్కడ దొరికిందో, ఏది దొరకలేదో వరసగా చెబుతుంది. (ఎవరో ఇచ్చిన, నమ్మకం లేని ప్రోగ్రాం మీద మాత్రం దాన్ని వాడకూడదు. కొన్ని సందర్భాల్లో అది ఆ ప్రోగ్రాంను నడిపించే ప్రమాదముంది.) ఇలాంటి తంటాలు ఇంకా ఉన్నాయి. కొత్త లినక్స్ మీద బిల్డ్ చేసింది పాత లినక్స్ మీద నడవనంటుంది, అడుగున ఉండే సీ లైబ్రరీ వెర్షన్ చాలక. లింకర్‌కు ఇచ్చే జాబితాలో పేర్ల వరస మారినా పని చెడుతుంది: అడిగేవాడి పేరు ముందు, ఇచ్చేవాడి పేరు తర్వాత ఉండాలి. వందల వరసల తప్పుల చిట్టాలో చివరిది చూసి కంగారుపడేవారే ఎక్కువ. అసలు కారణం సాధారణంగా మొదటి తప్పులో ఉంటుంది.

ఇవన్నీ తలనొప్పులే కానీ ప్రమాదాలు కావు. అతుకు పడకపోతే ప్రోగ్రాం ఆగిపోతుంది, అందరికీ తెలుస్తుంది. ఏ ఫిర్యాదూ లేకుండా పడిన అతుకు సంగతేమిటి?

2024 మార్చి చివరి వారంలో మైక్రోసాఫ్ట్‌లో పనిచేసే ఆండ్రెస్ ఫ్రాయిండ్ అనే ఇంజనీరుకు ఒక చిన్న అనుమానం వచ్చింది. తన లినక్స్ యంత్రంలోకి దూరం నుంచి లాగిన్ కావడానికి అర సెకను ఆలస్యమవుతోంది. మరొకరైతే పట్టించుకోరు. ఆయన తవ్వుకుంటూ పోతే ఎక్స్‌జెడ్ అనే కుదింపు లైబ్రరీలో దొంగ తలుపు బయటపడింది. జియా టాన్ అనే పేరుతో ఎవరో రెండేళ్లకు పైగా ఆ ప్రాజెక్టుకు బుద్ధిగా సేవచేసి, నమ్మకం సంపాదించి, నిర్వహణ బాధ్యతలో వాటా పొందారు. తర్వాతే పని మొదలుపెట్టారు. అందరూ చూడగలిగే కోడ్‌లో ఆ కుట్ర పూర్తిగా కనబడదు. దాన్ని మేల్కొలిపే బిల్డ్ స్క్రిప్టును విడుదల మూటలో మాత్రమే పెట్టారు. పరీక్షల కోసమంటూ ఉంచిన ఫైళ్లలోంచి ఆ స్క్రిప్టు దొంగ కోడ్‌ను బయటికి తీసి, బిల్డ్ సమయంలో లైబ్రరీకి అతికేది. లాగిన్ ప్రోగ్రాం నిజానికి ఎక్స్‌జెడ్‌ను అడగదు. కానీ కొన్ని లినక్స్ పంపిణీదారులు దానికి సిస్టమ్‌డీ లైబ్రరీని కలిపారు. సిస్టమ్‌డీ తన వెంట ఎక్స్‌జెడ్‌ను తీసుకొచ్చింది. చుట్టం వెంట వచ్చిన చుట్టం అన్నమాట. అదృష్టవశాత్తూ ఆ వెర్షన్లు ఎక్కువగా ప్రయోగదశలోని పంపిణీలకే చేరాయి.

బిల్డ్ యంత్రంలోకే దూరిన ఉదంతం అంతకు ముందూ ఉంది. 2020 డిసెంబరులో వెలుగుచూసిన సోలార్‌విండ్స్ దాడిలో, కంపైల్ అవుతున్న సమయంలోనే ఒక ఫైలును మార్చేశారు. కంపెనీ సంతకంతోనే ఆ సరుకు బయటికి వెళ్లింది. దాని తర్వాతే, 2021 మేలో బైడెన్ ఇచ్చిన ఉత్తర్వులో 'సాఫ్ట్‌వేర్ బిల్ ఆఫ్ మెటీరియల్స్' అనే మాట వినబడింది. మందుల పట్టీ మీద రాసినట్టు సాఫ్ట్‌వేర్‌లో ఏమేం కలిశాయో చెప్పే జాబితా అది. మన సెర్ట్-ఇన్ 2024 అక్టోబరులో ప్రభుత్వ సంస్థలకు, సాఫ్ట్‌వేర్ ఎగుమతిదారులకు కూడా దీనిపై మార్గదర్శకాలిచ్చింది. మంచిదే. కానీ జాబితాతోనే పనైపోతుందనుకోవడం మన అధికార యంత్రాంగాలకున్న పాత జబ్బు. ఎక్స్‌జెడ్ దొంగతనాన్ని జాబితా పట్టుకునేది కాదు. పేరు, వెర్షన్ రెండూ సక్రమంగానే కనిపించేవి. అసలు మందు వేరు. బహిరంగంగా ఉన్న కోడ్‌ను వేరేచోట మళ్లీ బిల్డ్ చేసి, రెండు ఫలితాలూ అక్షరం పొల్లుపోకుండా సరిపోతున్నాయా అని చూడడం. డెబియన్ స్వచ్ఛంద సేవకులు ఏళ్లుగా ఆ దిశలో పనిచేస్తున్నారు. కంపెనీల్లో దానికి సమయం కేటాయించేవారు అరుదు. బిల్డ్ పని కొత్తగా చేరినవాడి నెత్తిన పడడమే మామూలు.

ఉక్కు పనిలో మాత్రం ఈ ప్రశ్నకు ఎప్పుడో జవాబు రాసిపెట్టారు. 1959లో తొలి బ్లాస్ట్ ఫర్నేస్ రాజుకున్న ఈ ఊరి నుంచే దేశంలోని రైలు పట్టాల్లో సింహభాగం వెళ్లింది. ప్రతి పట్టా నడుము మీద తయారుచేసినవారి గుర్తు, నెల, సంవత్సరం ఉంటాయి. ఏ పోతలోని ఉక్కో చెప్పే హీట్ నంబరుంటుంది. లైను మీద థర్మిట్‌తో వేసే అతుకు దగ్గరైతే వెల్డర్ కోడ్ కూడా వేస్తారు. పట్టా విరిగితే కుదురుగా వెనక్కి నడుచుకుంటూ మూలం దాకా వెళ్లవచ్చు.

నాలుగో రోజు సాయంత్రం కుర్రాడి ప్రోగ్రాం సర్వర్‌లో నడిచింది. ఆ దారిని ఈసారి బిల్డ్ ఫైల్లోనే రాసి భద్రపరిచాడు. ఎల్‌డీడీ జాబితా ఇంకా తెర మీదే ఉంది. తను స్వయంగా కోరింది మూడు లైబ్రరీలను. జాబితా తెర నిండి కిందికి జారుతోంది. కళ్లజోడు సవరించుకుని తండ్రి వంగి చూశాడు.

"ఇందులో మనకు తెలిసినవెన్నిరా?"

"మూడు, నాన్నా. మిగతావి వాటి వెనకాల వచ్చాయి."

పెద్దాయన ఏమీ అనలేదు. వేలితో ఒక్కో పేరూ చదువుకుంటూ కిందికి వెళ్లాడు.