నడుమ ఇద్దరిపైనే భారమా?

అణైకట్ చుట్టుపక్కల తెలుగు బడులలో ఫుట్‌బాల్ నేర్పే ఉపాధ్యాయులకు ఒక మాట చెప్పదలచాము. వెనుక నలుగురు, నడుమ ఇద్దరు, ముందు నలుగురు నిలిచే 4-2-4 ఫార్మేషన్ చూడ్డానికి ముచ్చటగా ఉంటుంది. దానిని చిన్నపిల్లల చేత ఆడించే ముందు కాస్త ఆలోచించాలి.

మన దేశంలో ఈ పద్ధతికి బాట వేసినవారు హైదరాబాదుకు చెందిన సయ్యద్ అబ్దుల్ రహీం. ఆయన కూడా బడిపంతులే. 1952 హెల్సింకి ఒలింపిక్స్‌లో మన జట్టు యుగోస్లావియా చేతిలో 1-10తో ఓడింది. ఆ తరువాత రహీం హంగేరీ ఆటతీరును శ్రద్ధగా గమనించి మన ఆటను మార్చారు. 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో భారత్ నాలుగో స్థానం పొందింది. బ్రెజిల్ 4-2-4తో ప్రపంచ కప్ గెలిచింది ఆ తరువాతే, 1958లో.

దీని బలం లెక్కలోనే ఉంది. దాడి చేసేటప్పుడు నడుమ ఇద్దరు ముందుకు వెళితే ఆరుగురు అవుతారు. కాచుకునేటప్పుడు వాళ్లే వెనక్కి వస్తే అక్కడా ఆరుగురే.

బలహీనత కూడా ఆ ఇద్దరి దగ్గరే ఉంది. ఆట ముగిసేదాకా అటూ ఇటూ పరుగెత్తవలసింది వాళ్లే. ఎదుటి జట్టు నడుమ ముగ్గురిని నిలిపితే బంతి మనకు దొరకదు. బ్రెజిల్ కూడా జగాలోను వెనక్కి దించి, 1962 నాటికి 4-3-3కు మారింది.

పెద్దవాళ్లకే ఇంత కష్టమైతే, మన ఎండలో ఏడో తరగతి పిల్లవాడి గతేమిటి? ఓడిన తరువాత "నడుమ ఇద్దరూ సరిగా ఆడలేదు" అనేస్తాము. అలా మాట పడ్డ పిల్లవాడు మరునాడు మైదానానికి రాడు. పిల్లలు తక్కువగా ఉన్న మన బడులలో ఒక్కరు తగ్గినా జట్టే ఉండదు. ఏడుగురితో ఆడేటప్పుడు గోల్‌కీపర్ ముందు ఇద్దరు, నడుమ ముగ్గురు, ముందు ఒకరు నిలిస్తే భారం పంచుకున్నట్టు అవుతుంది. నడుమ ఆడే వంతు అందరికీ రావాలి.

1962 జకార్తా ఆసియా క్రీడల్లో మన జట్టు మొదట దక్షిణ కొరియా చేతిలో 0-2తో ఓడింది. తలకు గాయమైన డిఫెండర్ జర్నైల్ సింగ్‌ను రహీం ముందు వరుసకు పంపారు. ఫైనల్లో అదే కొరియాను 2-1తో ఓడించి స్వర్ణం గెలిచాము. ఆ రెండు గోల్స్‌లో ఒకటి జర్నైల్‌దే. గాయపడిన పిల్లలను ఆడించమని మేము చెప్పడం లేదు. ఉన్న మనుషులను చూసి ఆటను మార్చుకోవడమే ఆయన దగ్గర నేర్చుకోవలసినది.

రహీం హైదరాబాదులో బలం తక్కువైన కాలితోనే ఆడే పోటీలు కూడా పెట్టేవారు. మన బడిలో వారానికి ఒకరోజు అలా ఆడిస్తే ఖర్చేమీ లేదు. ఎవరు ఎక్కడ నిలవాలో, ఎందుకు నిలవాలో తెలుగులోనే నేలమీద గీసి చెబుదాం. కారణం తెలిసిన పిల్లవాడు తన చోటు తానే వెతుక్కుంటాడు.