కెర్నల్ ఆగినపుడు ఆధారాలు చెరపరాదు

ఇంటి కంప్యూటర్ నీలి తెర చూపి ఆగిపోతే వెంటనే స్విచ్ ఆపి మరల వేయవచ్చునా అని మూలకుళం నుంచి ఒక ఉద్యోగి కుటుంబ సభ్యురాలు మమ్ములను అడిగారు. ప్రశ్న చిన్నదే గాని, దాని సమాధానం కెర్నల్ దోష పరిశోధనకు తొలి పాఠం.

ఆపరేటింగ్ సిస్టమ్‌కు గుండెకాయ వంటిది కెర్నల్. మెమరీ, డిస్కు మొదలగు వాటిని అన్ని ప్రోగ్రాములకూ పంచి ఇచ్చే అధికారం దానిదే. సాధారణ ప్రోగ్రాము తనది కాని మెమరీని తాకితే కెర్నల్ దానిని మాత్రమే ఆపివేస్తుంది. కెర్నల్‌లోనే ఆ తప్పు జరిగితే ఆపగల పైఅధికారి లేడు. సమాచారం మరింత పాడుకాకుండా యంత్రమంతా నిలిచిపోతుంది.

2024 జూలై 19న జరిగినది ఇదే. క్రౌడ్‌స్ట్రైక్ అనే భద్రతా సంస్థ పంపిన ఒక ఫైలు వలన ప్రపంచమంతటా సుమారు 85 లక్షల విండోస్ యంత్రాలు ఆగాయి. హైదరాబాదు విమానాశ్రయంలో బోర్డింగ్ పాసులు చేతితో వ్రాసి ఇచ్చారు. కెర్నల్ స్థాయిలో పనిచేసే ఆ సంస్థ డ్రైవరుకు అందిన విలువలు 20 మాత్రమే కాగా, అది లేని 21వ దానిని చదువబోయి హద్దు దాటింది. ఫైలును 78 నిమిషాలలో ఉపసంహరించినా, ఆగిన యంత్రాలనేకం ఒక్కొక్కటిగా సేఫ్ మోడ్‌లో తెరచి సరిచేయవలసి వచ్చింది.

ఇటువంటి దోషాన్ని పట్టి ఇచ్చేది క్రాష్ డంప్, అనగా ఆగిన క్షణంలోని మెమరీకి నకలు. ఏ డ్రైవరు ఏ చిరునామాను చదువబోయినదో అందులో నమోదై ఉంటుంది. కనుక నీలి తెరపై శాతం 100కు చేరేవరకు స్విచ్ ముట్టరాదు. ఆ లోగా తెరపైని దోషం పేరు వ్రాసుకోవాలి, లేదా ఫోటో తీయాలి.

రెండవ పని, ఇటీవల ఏమి మారినదో చూడడం. కొత్త డ్రైవరా, కొత్త మెమరీ కార్డా? ఒకసారికి ఒక్కదానినే తొలగించి పరీక్షించాలి. రెండింటిని కలిపి తీసివేస్తే దోషి ఏదో ఎన్నటికీ తేలదు.

మూడవది, కెర్నల్ వ్రాసుకొనే దినచర్యను చదవడం. లినక్స్‌లో కెర్నల్ రచయితలు అనుమానం ఉన్న చోట ‘ప్రింట్‌కె’ అనే పంక్తి చేర్చి, అక్కడి విలువలను ఈ దినచర్యలో వ్రాయిస్తారు. అయితే ప్రతిసారి కెర్నల్‌ను తిరిగి కంపైల్ చేసి, యంత్రాన్ని మరల ప్రారంభించాలి.

ఈ శ్రమను తప్పించిన సాధనం ‘కెప్రోబ్స్’. దానిని 2002 అక్టోబరులో ఐబీఎం భారత విభాగానికి చెందిన ఎస్. వంశీకృష్ణ రూపొందించినట్లు లినక్స్ మూలప్రతిలోనే నమోదై ఉంది. నడుస్తున్న కెర్నల్‌లో కోరిన ఆదేశం స్థానంలో తాత్కాలికంగా ఒక బ్రేక్‌పాయింట్ ఉంచి, అక్కడి విలువలను నమోదు చేసి, అసలు ఆదేశాన్ని యథావిధిగా నడిపిస్తుంది. యంత్రం ఆగదు.

సాధనాలు ఎన్ని వచ్చినా సూత్రం ఒక్కటే: ముందు ఆధారం, పిదప మరమ్మతు. తొందరపడి స్విచ్ నొక్కితే యంత్రం మరల నడవవచ్చును గాని, అది ఎందుకు ఆగినదో చెప్పే సాక్ష్యం పోతుంది. అదే దోషం పిల్లల ప్రాజెక్టు సమర్పించవలసిన రాత్రి తిరిగి రావచ్చును.