దుబాయి నాలుగు గంటలే! శవం రావడానికి ఎన్ని రోజులు?

శంషాబాద్ నుంచి దుబాయికి విమాన దూరం సుమారు 2,550 కిలోమీటర్లు. ప్రయాణం నాలుగు గంటలకు అటూ ఇటూ. తిరిగి వచ్చేటప్పుడు, ముఖ్యంగా చలికాలంలో, పడమటి గాలి వెనుక నుంచి తోస్తుంది కాబట్టి ఇంకా తొందరగానే దిగుతాం. అక్కడి గడియారం మనకన్నా గంటన్నర వెనుక.

ఇది విమానం లెక్క. మా పల్లెల లెక్క వేరు.

జగిత్యాల పక్క పల్లెలో తెల్లారి బయలుదేరిన మనిషి రోడ్డు మీద 200 కిలోమీటర్లు వచ్చి, హైదరాబాద్ ట్రాఫిక్ దాటి శంషాబాద్ చేరేసరికి పొద్దు నడినెత్తికి వస్తుంది. అరేబియా సముద్రం దాటడమే అంతకన్నా సులువు! అంతకుముందే అప్పు దూరం ఉంది. ఏజెంటు తీసుకోవాల్సిన రుసుము 30,000 రూపాయలు, దానిపై జీఎస్టీ. ఇది నిబంధన. లక్ష దాటించి గుంజేవాళ్లు ఉన్నారని ఊరూరా తెలుసు. అధికారులకే తెలియదా? మిత్తితో సహా ఆ అప్పు తీరేదాకా ఇంటికి తిరుగు విమానం లేదు.

అన్నిటికన్నా పెద్ద దూరం చచ్చిపోయినవాడిది. అదే ఆకాశం, అవే నాలుగు గంటలు. కానీ పోలీసు కాగితం, మరణ ధ్రువపత్రం, వీసా రద్దు, పాస్‌పోర్టు రద్దు, శవం పాడవకుండా మందు పట్టించిన పత్రం... ఇవన్నీ అయితేనే పెట్టె విమానం ఎక్కుతుంది. ఇక్కడ తల్లి గడపలో కూర్చుని రోజులు లెక్కబెడుతుంది.

కాగితాలు చట్టం కదా అంటారు. నిజమే. ప్రమాదమో హత్యో తేల్చకుండా పంపమని మేమూ అనడం లేదు. కానీ ఆ కాగితాల వెంట తిరిగేది ఎవరు? తోటి కూలీలు, ఒకపూట జీతం పోగొట్టుకుని! పెట్టుబడుల కోసం అదే విమానం ఎక్కే నాయకులకు ఈ పని మీద ఒక్క మనిషిని పెట్టే తీరిక లేదా?

మన గోస వినే సర్కారు లేదని ఒకప్పుడు కొట్లాడినం. 2014లో రాష్ట్రం వచ్చింది. ఇక నెపం ఎవరి మీద వేస్తారు? గల్ఫ్‌లో చనిపోయినవారి ఇంటికి 5 లక్షలు ఇస్తామని 2024లో ప్రకటించారు. మంచిదే. కానీ చచ్చినాక ఇచ్చే పైసలు, బతికుండగా ఇవ్వాల్సిన రక్షణకు బదులు కావు.

మేం అడిగేవి మూడే. దుబాయిలో రాత్రీ పగలూ తెలుగులో పలికే మన సర్కారు మనిషి. పెట్టె కదలడానికి ఒక గడువు. చనిపోయినవాడి బకాయి జీతం వసూలుకు సర్కారు ఖర్చుతో వకీలు.

విమానానికి నాలుగు గంటలు చాలినప్పుడు, సర్కారుకు ఎన్నేళ్లు కావాలె?