ఇద్దరి కొలతల ఇల్లు

శంకుస్థాపన నాడు భార్యాభర్తలిద్దరూ పీటల మీద కూర్చుంటారు. కొంగుముడితో పూజ చేసి, నవధాన్యాలు పునాది గుంతలో వేసి, మొదటి తాపీడు సిమెంటు ఇద్దరూ కలిసి పెడతారు. గృహప్రవేశం నాడు మళ్లీ అవే పీటలు, అదే కొంగుముడి. పాలు పొంగుతాయి, బంధువులు దీవించి భోంచేసి వెళతారు. ఈ రెండు ముహూర్తాల మధ్య ఏడాదో, ఏడాదిన్నరో గడుస్తుంది. గోడ ఎక్కడ లేవాలి, కిటికీ ఎటు తెరుచుకోవాలి, అప్పు ఎంత తేవాలి, దస్తావేజు ఎవరి పేరున ఉండాలి అన్నవన్నీ తేలేది ఆ మధ్యకాలంలోనే. ఆ నిర్ణయాల దగ్గర మాత్రం రెండో పీట చాలా ఇళ్లలో ఖాళీగానే ఉంటోంది.

ఒకప్పుడు ఉద్యోగ విరమణ డబ్బు చేతికి వచ్చాక ఇంటి మాట ఎత్తేవారు. ఇప్పుడు పిల్లలు బడికి వెళ్లే వయసులోనే దంపతులు గృహరుణానికి సిద్ధపడుతున్నారు. ఇద్దరి జీతాలూ చూపిస్తేగానీ కావలసినంత అప్పు పుట్టదు. ఇరవై ఏళ్ల నెలవారీ వాయిదాల్లో ఇద్దరి కష్టమూ కరుగుతుంది. ఆవిడకు ఉద్యోగం లేని ఇంట్లో ఆవిడ పొదుపూ, ఒంటిమీది బంగారమూ ఇటుకల్లో కలుస్తాయి. కష్టం ఇద్దరిదైనప్పుడు ఇంటి కొలతలూ ఇద్దరివే కావాలి.

ఇల్లు చూసి ఇల్లాలిని చూడమని మన పెద్దల మాట. ఇల్లు ఒద్దికగా లేకపోతే మాట పడేది ఆవిడే. అంత బరువు మోసే మనిషిని ప్లాను గీసేనాడు అడగాల్సినవి ఎన్నో ఉంటాయి. వంటగట్టు సంగతే చూడండి. మేస్త్రీ తన అలవాటు కొద్దీ ఒక ఎత్తున బండ పరిచేస్తాడు. వండే మనిషి పొట్టి అయితే భుజాలు లాగుతాయి, పొడుగైతే నడుము వంగిపోతుంది. ఆ రెండంగుళాల తేడాను ఒళ్లు ఏళ్ల తరబడి మోస్తుంది. గ్యాస్ బండ ఎక్కడ పెట్టాలి, గ్రైండరుకు చోటేది, గిన్నెలు తోమే చోట వెలుతురు పడుతుందా, పోపు ఘాటు బయటికి పోయే దారి ఉందా, వానాకాలంలో బట్టలు ఎక్కడ ఆరేయాలి... ఈ ప్రశ్నలకు జవాబు ఆ పని రోజూ చేసేవారి దగ్గరే ఉంటుంది. భోజనాల గది విడిగా ఉంటే వంటగదికి 5 చదరపు మీటర్లు చాలని జాతీయ భవన నియమావళి చెబుతుంది. అది అంతకు తగ్గకూడదన్న హద్దు మాత్రమే. అంతే చాలని మనం సరిపెట్టుకోనక్కర్లేదు. హాలు వెడల్పులో ఒక్క అడుగు వంటగదికి ఇస్తే ఇద్దరు పక్కపక్కన నిలబడి పని చేసుకోవచ్చు. వంటింట్లో రెండో మనిషికి చోటుంటే ఆ రెండో మనిషి రావడానికీ వీలుంటుంది.

ఖాళీ స్థలంలో ముగ్గు పోసిన రోజు ఏ దంపతులకైనా గుండె గుభేలుమంటుంది. గదులు ఇంత చిన్నవా అనిపిస్తుంది. గోడలు లేచి, ప్లాస్టరింగు అయ్యి, రంగు పడ్డాక అదే గది విశాలంగా కనిపిస్తుంది. కంటి అంచనా అలా మారుతూనే ఉంటుంది కాబట్టి, ముగ్గుకు ముందే ఇద్దరూ డాబా మీద సుద్దముక్కతో ఒక్కో గదీ అసలు కొలతల్లో గీసుకుని అందులో నడిచి చూడటం మంచిది. మంచం వేస్తే బీరువా తలుపు తెరుచుకుంటుందా, ఉయ్యాల కట్టే చోటుందా, పెద్దవాళ్లు రాత్రిపూట బాత్‌రూముకు ఎన్ని మలుపులు తిరగాలి అన్నవి అప్పుడు కాళ్లకే తెలిసిపోతాయి. కాగితం మీది గీతను రబ్బరుతో చెరపవచ్చు. పిల్లరు లేచాక ఆ గీత కదలదు. మొహమాటంతో మింగేసిన మాట ఆ తర్వాత గోడై నిలబడుతుంది.

మన ఊళ్లలో పాత ఇళ్లు కట్టిన తీరు గుర్తు చేసుకుంటే ఈ మాట ఇంకా బాగా అర్థమవుతుంది. ఉత్తరాంధ్ర తీరంలో తుపాను గాలికి తట్టుకునే చుట్టిళ్లు, గోదావరి జిల్లాల్లో మండువా లోగిళ్లు, రాయలసీమలో మట్టి మిద్దెలు, తెలంగాణలో గూనపెంకుల ఇళ్లు ఆ నేలా ఆ వానా ఎరిగిన చేతులు కట్టినవి. మట్టి తొక్కి గోడ పెట్టేది మగవాళ్లయితే, ఆ గోడకు పూత పూసి, పేడతో అలికి, జాజు పెట్టి, గడపకు పసుపు రాసి ఇల్లుగా నిలిపేది ఆడవాళ్లు. వాన వెలిశాక ఏ మూల చెమ్మెక్కిందో, ఏ గోడ బీట వారిందో ముందు వాళ్లకే తెలిసేది. ఏటా పండగ ముందు వాళ్ల చేతుల్లోనే ఇల్లు కొత్తదయ్యేది. సిమెంటు వచ్చి ఇంటికి ఆయుష్షు పెంచింది, ఆడవాళ్లకు ఏటేటా అలికే చాకిరీ తప్పించింది. అది మంచికే జరిగింది. కానీ దాంతోపాటే కట్టుబడి తెలివి మొత్తం ఇంజినీరుకూ కాంట్రాక్టరుకూ వెళ్లిపోయి, ఇల్లాలికి గోడ రంగు ఎంచే పని ఒక్కటే మిగిలింది. చేజారిన ఆ హక్కు ప్లాను దగ్గరే మళ్లీ దొరకాలి.

భవన నిర్మాణంలో పొదుపుకూ అందానికీ పొత్తు కుదిర్చిన లారీ బేకర్ జీవితంలో ఇలా ఇద్దరి కొలతలతో పెరిగిన ఇల్లు ఒకటుంది. 1917లో బర్మింగ్‌హామ్‌లో పుట్టిన ఆయన, కుష్ఠు రోగుల ఆశ్రమాల నిర్మాణ పని మీద 1945లో మన దేశానికి వచ్చారు. 1948లో కేరళకు చెందిన వైద్యురాలు ఎలిజబెత్‌ను పెళ్లాడారు. ఇద్దరూ హిమాలయాల్లోని పిఠోరాగఢ్‌లో ఇల్లూ ఆసుపత్రీ కట్టుకుని పదిహేనేళ్లకు పైగా అక్కడే ఉన్నారు. ఆవిడ వైద్యం చేసేవారు, ఆయన కట్టుబడితోపాటు ఆసుపత్రి పనిలోనూ సాయపడేవారు. కొండజనం రాయీ కలపా వాడే పద్ధతిని ఆయన నేర్చుకున్నది అక్కడే. తర్వాత తిరువనంతపురంలో ఏటవాలు నేల మీద వాళ్ల ఇల్లు చిన్నగా మొదలై, అవసరం వచ్చినకొద్దీ పెరిగింది. ఇటుకల్ని అంచు మీద నిలబెట్టి మధ్యలో ఖాళీ వదులుతూ కట్టే పద్ధతికి ఆయన విస్తృతంగా ప్రచారం తెచ్చారు. దానివల్ల దాదాపు పావు వంతు ఇటుక ఆదా అవుతుంది, గోడలోని గాలి ఎండ వేడిని ఆపుతుంది. ఆ దంపతుల ఇల్లు వీధికి చూపించడానికి పెరగలేదు. వాళ్ల బతుకు ఎంత చోటు అడిగితే అంతే పెరిగింది.

కట్టుబడి నడుస్తున్నంత కాలం ఇంట్లో మాటా మాటా అనుకోవడం సహజం. టైల్స్ దుకాణంలో ఒకరికి నచ్చింది మరొకరికి నచ్చదు. ఒకరికి వాస్తు మీద నమ్మకం, మరొకరికి గాలీ వెలుతురూ ముఖ్యం. ఖర్చు అంచనా దాటిన నెలలో ఎవరి వల్ల దాటిందన్న లెక్క మొదలవుతుంది. ఈ తగాదాలకు భయపడి ఒకరు పూర్తిగా తప్పుకోవడం మంచి పరిష్కారం కాదు. విసుగొచ్చినప్పుడు ఒక రోజు ఆగితే చాలు. ఇంటికి కూడా ఆగడం అవసరమే. స్లాబు వేశాక మామూలు సిమెంటైతే కనీసం 7 రోజులు, బూడిద కలిసిన రకమైనా ఎండలు ముదిరినా కనీసం 10 రోజులు తడి ఆరకుండా చూడాలని భారతీయ ప్రమాణం ఐఎస్ 456 చెబుతుంది. మడులు కట్టి నీళ్లు పట్టే ఆ రోజుల్లో పని ఆగినట్టు కనిపిస్తుంది, కాంక్రీటు బలం పుంజుకునేది మాత్రం అప్పుడే. ఉదయం ఒకరు, సాయంత్రం ఒకరు వెళ్లి నీళ్లు పట్టి వచ్చే దంపతులను మన కాలనీల్లో ఇప్పటికీ చూస్తాం. ఆ నడకలోనే ఎన్నో చిక్కుముళ్లు విడిపోతాయి.

ఇద్దరూ కలిసి ఆలోచించాల్సింది మరొకటుంది. ముప్పై అయిదేళ్ల వయసులో కట్టే ఇంట్లో డెబ్బై ఏళ్లప్పుడూ ఉండాలి. పిల్లలకు తలో అంతస్తు అని అప్పు చేసి కట్టిన ఇళ్లు ఎన్నో నేడు ఖాళీగా ఉన్నాయి. పిల్లలు బెంగళూరులోనో డాలస్‌లోనో స్థిరపడ్డారు, కింద అంతస్తులో ఇద్దరు ముసలివాళ్లు మోకాళ్ల నొప్పులతో పై గదుల బూజు తలుచుకుంటున్నారు. పై అంతస్తుకు పెట్టే డబ్బులో కొంత కింద పడకగదికీ, జారని బాత్‌రూము నేలకూ, చక్రాల కుర్చీ పట్టే తలుపుకూ పెడితే అది రేపటి తమకు తామే చేసుకునే సాయం. ఇంటి మెట్టు ఎత్తు 19 సెంటీమీటర్లు మించకూడదని భవన నియమావళి అంటుంది. అంతకన్నా తక్కువుంటే మోకాళ్లకు ఇంకా మంచిది. విదేశాల్లో ఉంటూ వీడియో కాల్‌లో కట్టుబడి చూసుకునే జంటలు, ఆ ఇంట్లో ముందుగా ఉండబోయే అమ్మానాన్నలకు ఏం కావాలో వాళ్లనే అడిగి తెలుసుకోవాలి.

ఇక కాగితం సంగతి. స్లాబు నాటికి డబ్బు చాలకపోతే ముందు తాకట్టుకు వెళ్లేది ఆవిడ బంగారమే. కొన్ని ఇళ్లకు స్థలమే పసుపు కుంకుమ కింద పుట్టింటి నుంచి వస్తుంది. తీరా రిజిస్ట్రేషన్ నాడు ఒక్క పేరే రాస్తారు. ఉమ్మడి ఆస్తిలో కూతురికీ వాటా ఉండాలని 1986లోనే చట్టం సవరించుకున్న నేల మనది. దేశమంతటికీ ఆ హక్కు 2005లో వచ్చింది. 2015లో మొదలైన ప్రధానమంత్రి ఆవాస్ యోజన కూడా పట్టణ పేదల ఇల్లు మహిళ పేరునో దంపతులిద్దరి పేరునో ఉండాలంది. ఆంధ్రప్రదేశ్‌లో 2020 డిసెంబరులో పంచిన ఇళ్లస్థలాల పట్టాలు మహిళల పేరునే ఇచ్చారు. తెలంగాణలో 2024 మార్చిలో మొదలైన ఇందిరమ్మ ఇళ్ల పథకం కింద ఇచ్చే 5 లక్షల రూపాయలూ మహిళ పేరునే, పని సాగినకొద్దీ విడతలుగా అందుతాయి. పేదింటి ఆడపడుచుకు ప్రభుత్వం ఇస్తున్న ఆ గౌరవాన్ని, అడిగేవారు లేకపోయినా మధ్యతరగతి ఇల్లు తనంతట తాను ఇవ్వాలి. దస్తావేజులో ఇద్దరి పేర్లూ ఉంటే ప్రేమ తగ్గదు. అనుకోని కష్టం వచ్చి ఒకరు ఒంటరిగా మిగిలిపోతే, ఇల్లు మనదేనా అన్న దిగులు మాత్రం ఉండదు.

మన ఇల్లు కట్టే పనిలో తరచూ మరో జంట కూడా ఉంటుంది. పాలమూరు నుంచీ శ్రీకాకుళం నుంచీ వచ్చి, ఆయన తాపీ పడితే ఆవిడ ఇటుకలూ మాలూ మోస్తుంది. ఆ ఇటుకల్ని బట్టీలో చేసింది ఒడిశా నుంచి వచ్చిన మరో జంట కావచ్చు. ఆడమనిషి రోజుకూలి ఇప్పటికీ మగవాడి కూలి కన్నా తక్కువే. సమాన పనికి సమాన వేతనమని 1976లోనే చట్టం వచ్చినా ఆమె పనిని తేలికపనిగా లెక్కగట్టడం ఆగలేదు. స్లాబు రోజు కాంక్రీటు తట్టలు పైకి అందించే చేతులను చూస్తే అది తేలికపని కాదని ఎవరికైనా తెలుస్తుంది. ఇల్లు కట్టించే దంపతులు మేస్త్రీతో కూలి మాట్లాడేటప్పుడే ఈ విషయం ఎత్తవచ్చు. పని మొదలైన వారంలోనే ఆడవాళ్లకు తలుపున్న మరుగుదొడ్డి, తాగడానికి మంచినీళ్లు, చంటిబిడ్డను పడుకోబెట్టడానికి నీడ ఏర్పాటు చేయవచ్చు. మొత్తం ఖర్చులో అది లెక్కలోకి రానంత చిన్నది. సొంత గూడు లేని ఆ ఇద్దరు మన గూడు నిలబెడుతున్నారన్న ఎరుక మన ఇంటికి శుభమే చేస్తుంది.

ఇల్లు కట్టి చూడమని, పెళ్లి చేసి చూడమని సామెత ఊరికే పుట్టలేదు. రెండూ కష్టమైనవే. ఆ కష్టాన్ని ఇద్దరూ సమంగా పంచుకున్న ఇంట్లో ఆ ఏడాదంతా పిల్లలు ఒక పాఠం చూస్తారు. అమ్మ మాట విని నాన్న గోడ జరిపించడం, నాన్న చెప్పిన లెక్క చూసి అమ్మ ఖరీదైన టైల్స్ వద్దనుకోవడం, ఇద్దరూ ఒప్పుకోని పని వారం ఆగడం వాళ్ల కళ్ల ముందే జరుగుతాయి. ఇద్దరు మనుషులు కలిసి ఒక నిర్ణయానికి రావడం ఎలాగో ఆ పిల్లలకు మళ్లీ ప్రత్యేకంగా నేర్పనక్కర్లేదు. రేపు వాళ్లు కట్టుకునే ఇళ్లకూ, నడిపే సంసారాలకూ ఆ పాఠమే పునాది అవుతుంది.