పక్కవాద్యం అంటే చిన్నచూపెందుకు?

ఈ వారం వంట సంగతి కాదు, ఎండాకాలమంతా మా ఇంటి సజ్జ మీద పడి ఉన్న ఒక పెట్టె సంగతి చెప్తాను.

ఆ పెట్టెలో ఉన్నది మా అమ్మాయి వయొలిన్. నాలుగేళ్ళు నేర్చుకుంది. తొమ్మిదో తరగతి పరీక్షలు అయిపోగానే మా అత్తమ్మ, "వచ్చే ఏడు పది. ఇగ ఆ కుయ్ కుయ్ బందు వెట్టు బిడ్డా" అన్నది. మా ఆడబిడ్డ ఇంకో మాట అన్నది. "పాడేటోళ్ళకు పేరొస్తది గని, పక్కన కూసోని వాయించేటోళ్ళను ఎవరు చూస్తరు వదినా?" ఆ మాటకు నేనూ తలూపాను. పెట్టెను సజ్జ మీదికి ఎక్కించింది కూడా నా చేతులే.

ఒకరోజు టీవీలో పియానో కచేరీ వస్తోంది. "చూడమ్మా, ఆమె ఒక్కతే నడుమ కూర్చుని వాయిస్తోంది. నేనూ పియానో నేర్చుకుంటే మీరు ఆపకపోదురేమో" అంది మా అమ్మాయి. నాకు చురుక్కుమంది.

పియానోలో మెట్టుకూ మెట్టుకూ మధ్య స్వరం పలకదు. మన గమకాలేమో ఆ మధ్యలోనే ఉంటాయి. అందుకే పియానో మన కచేరీల్లోకి పెద్దగా రాలేదు. వయొలిన్ వచ్చింది. అదీ దొరల వాయిద్యమే. 200 ఏళ్ళ కింద ముత్తుస్వామి దీక్షితుల తమ్ముడు బాలుస్వామి దీక్షితులు నేర్చుకుని మన సంగీతానికి అలవాటు చేశారు. వాళ్ళు నిలబడి గడ్డం కింద పెట్టుకుంటే, మనవాళ్ళు కింద కూర్చుని కాలి మీద ఆనించుకున్నారు.

తెలుగునాట వయొలిన్ అంటే విజయనగరమే. చూపు సరిగా ఆనని ద్వారం వెంకటస్వామి నాయుడుగారు అక్కడి మహారాజా సంగీత కళాశాలలో పాఠాలు చెప్పి, 1936లో ప్రిన్సిపాల్ అయ్యారు. ఆ ఊళ్ళోనే పుట్టిన ఆడపిల్ల అవసరాల కన్యాకుమారిగారు. ఇవటూరి విజయేశ్వరరావుగారి దగ్గర నేర్చుకున్నారు. తర్వాత మద్రాసులో చూపులేని విద్వాంసులు ఎం. చంద్రశేఖరన్‌గారి దగ్గర, ఎం.ఎల్. వసంతకుమారిగారి దగ్గర నేర్చుకున్నారు.

ఆ వసంతకుమారిగారి పాటకే కన్యాకుమారిగారు 19 ఏళ్ళు పక్కవాద్యం వాయించారు. ఆ పని ఎంత కష్టమో ఆలోచించండి. ఏ రాగం ఎత్తుకుంటారో చాలాసార్లు ముందు చెప్పరు. పాడేవాళ్ళు ఒక సంగతి వేస్తే, వెంటనే అదే అందుకోవాలి. పాటను మించిపోకూడదు, వెనకబడకూడదు. తన వంతు రాగానే మాత్రం తన విద్య చూపాలి. తర్వాత కద్రి గోపాల్‌నాథ్‌గారి శాక్సఫోన్ పక్కన కూడా కూర్చున్నారు. తను ముఖ్యంగా వాయించే కచేరీలూ చేశారు, ఎందరో శిష్యులను తయారుచేశారు. 2015లో పద్మశ్రీ వచ్చింది. 1941లో ద్వారంవారు పొందిన సంగీత కళానిధి బిరుదును మద్రాసు మ్యూజిక్ అకాడమీ 2016కు ఈమెకు ఇచ్చింది. వయొలిన్ వాయించే ఆడవాళ్ళలో ఆ బిరుదు అందుకున్న మొదటివారు ఈవిడే!

ఇవన్నీ చదివాక నాకు సిగ్గేసింది. ఇంట్లో మనమూ పక్కవాద్యమే కదమ్మా! అందరి పాటకూ శ్రుతి తప్పకుండా చూస్తాం, మన వంతు వచ్చినప్పుడు మాత్రం పెట్టె సజ్జ మీద ఉంటుంది. అదే పని నా బిడ్డకూ చేశాను కదా అనిపించింది.

వెంటనే పెట్టె దించి చూస్తే ఏముంది? మా పాలమూరు ఎండలకు, పైకప్పు సెగకు, వయొలిన్ అంచున ఒక అతుకు విడిపోయింది. హైదరాబాదు తీసుకుపోయి అతికించుకొచ్చాం. మీ ఇంట్లో వయొలిన్ ఉంటే ఈ జాగ్రత్తలు మరవకండి.

సజ్జ మీద, ఎండ పడే కిటికీ దగ్గర, కూలర్ ముందర పెట్టొద్దు. వాయించడం అయ్యాక కమాను మర తిప్పి వదులు చేయాలి. తీగల మీద, చెక్క మీద రాలిన రోజిన్ పొడిని మెత్తని పొడిగుడ్డతో తుడవాలి. తడిగుడ్డ తగలనీయొద్దు. కమాను వెంట్రుకలను చేత్తో ముట్టుకుంటే జిడ్డు పట్టి, స్వరం సరిగా పలకదు.

ఇప్పుడు మా ఇంట్లో తెల్లవారి ఐదున్నర నుంచి ఆరున్నర దాకా సాధన. ఆ గంటలో అమ్మాయిని పాలకు పంపడం, చాయ్ పెట్టమనడం లేదు. ఏడింటికి పుస్తకాలు పడుతుంది. మా అత్తమ్మ ఇంకా గొణుగుతూనే ఉంది. మొన్న మాత్రం సాధన కాస్త ఆలస్యమైతే, "ఏందే, ఇయ్యాల కుయ్ కుయ్ లేదు?" అని ఆమే అడిగింది!

మరి మీ ఇంటి సజ్జ మీద ఏముందో ఒకసారి చూసుకోండి. వచ్చేవారం కలుద్దాం.